ఆ అంకుల్ ఎవరి తమ్ముడు?

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో మనకు తెలియనిదంటూ ఉండదు. మొయినాబాద్ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో జర్మన్ చెప్పడానికి చేరిన మొదటి ఏడాది నాకూ అంతే. (మాది కోస్తా నుంచి వచ్చి గండిపేటలో స్థిరపడ్డ కుటుంబం; నా తెలుగు మీద నాకు అప్పట్లో మహా గర్వం.) క్లాసుకు పిల్లలు చాలక నా ఉద్యోగం ఊగుతోంది. తల్లిదండ్రులను పిలిచి ఒక సినిమా వేద్దామన్నాను. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఒక నాటకం ఆధారంగా జర్మనీలో తీసిన హాస్యచిత్రం. మాటలు మైకులో తెలుగు చేసి నేనే చెబుతానన్నాను. బయట బాంబులు పడుతుంటే జనం ఎందుకు నవ్వారో, అలా నవ్వించి మరిపిస్తే ఎవరికి లాభమో చెప్పే ఉపన్యాసం కూడా బట్టీపట్టాను.

అక్కడిదాకా వెళ్లనే లేదు. కథలో కుర్రాడు తన అంకుల్ కూతుర్ని ప్రేమించి, ఆ సంగతి దాచలేక తంటాలు పడతాడు. నేను ధీమాగా "బాబాయి కూతురు" అన్నాను. నవ్వుతున్న హాలు చప్పబడిపోయింది. మనవరాలితో చిల్కూరు నుంచి వచ్చిన ఒక తాత లేచి, "బాబాయ్ బిడ్డంటే చెల్లె గద బిడ్డా. గిదేం సినిమా?" అన్నాడు. "తప్పు నాదే తాతా. బాబాయికీ మేనమామకీ వాళ్ల భాషలో ఒకటే మాట. నేను ఆలోచించలేదు. మేనమామ అనుకోండి" అన్నాను. తాత కూర్చోలేదు. "మామ బిడ్డనా? మరి లగ్గం జేస్కోక దాసుడెందుకు? గింతదానికి సినిమా ఎందుకు?" హాలంతా విరగబడి నవ్వింది. (ఆ నవ్వులో దర్శకుడికి గానీ నాకు గానీ వాటా లేదు.) యుద్ధంలో ఆ సినిమా చూసినవాళ్లూ ఇంతేనేమో, పెళ్లి అవుతుందా లేదా అన్న ఒక్క బెంగ పట్టుకుని గంటన్నర కూర్చుని, మళ్లీ సైరన్ల కిందికి నడిచి ఉంటారు. వాళ్లను తప్పుపట్టే ఉపన్యాసం చదవడానికి నాకు నోరు రాలేదు.

పోయేటప్పుడు తాత మనవరాలిని ముందుకు తెచ్చాడు. "పేరు రాస్కో బిడ్డా. అందరి ముంగట తప్పయిందన్నవు. గసోంటి పంతులమ్మ దగ్గర సదివితే ఫికర్ లేదు." ఆ పిల్ల వెనకే ఇంకొందరు చేరారు, నా ఉద్యోగం నిలిచింది.

ఇప్పుడు ఆ విభాగానికి నేనే పెద్దను. మొన్న క్లాసులో ఒక అమ్మాయి నేను బోర్డు మీద రాసిన జర్మన్ పదంలో తప్పు చూపిస్తే, "కొన్ని ప్రాంతాల్లో అలా కూడా అంటారమ్మా" అని గంభీరంగా తప్పించుకున్నాను. ఇంటికి వస్తూ దారిలో నవ్వొచ్చింది, కాస్త సిగ్గు కూడా వేసింది. ఆ తాత మొన్న నన్ను చూసి ఉంటే మనవరాలి పేరు రాయించేవాడు కాదు.