పదిహేడు కల్వర్టులు

నా డ్యూటీ మదనపల్లె టమోటా మార్కెట్ గేటు దగ్గర మొదలైంది. పొద్దున ఐదున్నర. మంచు. టెంపో నిండా టమోటా గంపలు, పైన టార్పాలిన్. ఎడమ సీటు నాది. నా సామాను: నీళ్ల క్యాను, ఎర్ర తువ్వాలు, నాలుగు నిమ్మకాయలు, డాక్టరిచ్చిన మాత్రలు. ఆర్డరు ఒకటే. బండి కుప్పం చేరాలి, నేనూ మా ఆయనా బతికుండాలి.

గంపలెత్తే మనిషి నన్ను చూసి నవ్వాడు.

"ఏమక్కా, క్లీనరు పని దొరికిందా?"

"దొరికిందిలే. జీతం రెండిడ్లీలు."

"సెట్నీ ఉంటాదా?"

"అది నీలాంటోళ్లు ముందే నాకేసి పోతారు."

మా ఆయన నవ్వలేదు. స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. అంత చలిలో కూడా అరచేతులు తడిగా ఉన్నాయి.

పటాలంలో ఆయన పదిహేనేళ్లు లారీ నడిపాడు. చివరి మూడేళ్లు కాశ్మీరు. తొంభైల మధ్యలో ఇంటికొచ్చి ఈ టెంపో కొన్నాడు. ఇంకో పని రాదు. మాకున్నది ఎకరం మెట్ట, అదీ వాన పడితేనే. బండి కదిలితేనే మా పొయ్యి వెలిగేది. కానీ రోడ్డు కింద నీళ్లు పోయే కల్వర్టు కనిపిస్తే ఆయన కాలు బ్రేకు మీద బిగుసుకుపోయేది. ఊపిరి అందేది కాదు. రొమ్ము పట్టుకుని నడిరోడ్డు మీద ఆగిపోయేవాడు. వెనక లారీల వాళ్లు అమ్మనాబూతులు తిట్టేవాళ్లు.

మదనపల్లెలో డాక్టరు పరీక్ష చేసి గుండె బాగుందన్నాడు.

"ఇది భయం జబ్బమ్మా. వచ్చినప్పుడు బండి పక్కకు తీసి నిలపమను. పుల్లగా నిమ్మకాయ కొరకమను, ఊపిరి నిదానంగా వదలమను. పక్కన మనిషుంటే మంచిది."

ఆ మనిషిని నేను.

కారణం ఆయన ఒక్కసారే చెప్పాడు. అక్కడ లారీల కాన్వాయి కదలకముందు ఒక జట్టు రోడ్డు మీద ముందుగా నడుస్తుందట. బాంబు పెట్టారేమోనని ప్రతి కల్వర్టు కింద వంగి చూడాలి. చూసి చెయ్యెత్తాలి. ఒక పొద్దున చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. ముందు నడిచినవాడు వంగలేదు. చెయ్యి మాత్రం ఎత్తాడు. మొదటి లారీ గాల్లోకి లేచింది. మా ఆయనది రెండోది.

"నా బానెట్టు మీద బూటు పడింది మే. లోపల కాలుండాది. లేసులు కట్టినవి కట్టినట్టే ఉండాయి."

అందుకని ఆ జట్టు పని నేను చేశాను. మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పం దాకా పైపు కల్వర్టులు పదిహేడు. నాకు అక్షరాలు రావు, అంకెలు వచ్చు. కిలోమీటరు రాళ్లు చూసి చెప్పేదాన్ని.

"రాయి పన్నెండు. ముందర కల్వర్టు."

"ఊఁ."

"నిమ్మకాయ కొరుకు. ఊపిరి వదులు."

బండి ఓరగా ఆపేవాడు. నేను దిగి, నడిచి, వంగి పైపులోకి చూసేదాన్ని. అవతలి వెలుతురు గుండ్రంగా కనిపిస్తే దారి బాగున్నట్టు. ఒకసారి కుక్కపిల్లలు, ఒకసారి తాగి పడుకున్న మనిషి. చూశాక తువ్వాలు ఎత్తేదాన్ని. ఆయన రెండుసార్లు లైట్లు వేసేవాడు. అప్పుడు బండి కదిలేది.

మూడో నెల. పుంగనూరు దాటాం. పగలు పదకొండు గంటలు. రెండు రోజులుగా ముసురు. నాకు ఒళ్లు కాలిపోతోంది. పదో కల్వర్టు దగ్గర దిగాను. నడుము వంగలేదు. ఈ వానలో ఏముంటుందిలే అనుకుని తువ్వాలు ఎత్తాను.

ఆయన చూశాడు.

లైట్లు పడలేదు. తలుపు తెరుచుకుంది. జాకీ రాడ్డుతో పరిగెత్తుకొచ్చాడు. ఆ కళ్లలో నేను లేను. జుట్టు పట్టి ఈడ్చి నా తల పైపు అంచుకు కొట్టాడు.

"వంగినావా? సూసినావా? సెప్పు, సూసినావా?"

నుదురు చిట్లింది. నెత్తురు వాననీళ్లతో కలిసి నోట్లోకి కారింది. రాడ్డు లేచింది. ఆయన మణికట్టు కొరికాను, పళ్లకు ఎముక తగిలేదాకా. రాడ్డు కాలువలో పడింది. అంతలో వెనక బస్సు ఆగింది. పెళ్లాన్ని చంపుతున్నాడని జనం దిగి ఆయన్ని తన్నారు. చెప్పులతో, కర్రతో, ఒకడు గొడుగుతో. ఆయన చేతులు అడ్డం పెట్టుకోలేదు. గాలి కోసం నోరు తెరిచాడు. పెదాలు నల్లబడ్డాయి. ముందు పళ్లు రెండు ఊడాయి. నేను ఆయన మీద పడ్డాను. నా వీపున నాలుగు దెబ్బలు పడ్డాక గాని జనం ఆగలేదు.

"యాలమ్మా అడ్డమొస్తావు? వీడు నిన్ను సంపతా ఉంటే?" అన్నాడు బస్సు కండక్టరు.

"ఈయన సంగతి నేను సూసుకుంటా. ముందు గాలి ఆడనీండప్పా."

ఊపిరి దారికి రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. అప్పుడు నా నుదురు చూశాడు.

"ఎవురు కొట్టినారు మే నిన్ను?"

"నువ్వే."

నేను బండి తాళం తీసి కొంగున ముడేసుకున్నాను.

"సూడకుండా తువ్వాలెత్తింది నా తప్పు. మళ్లీ సెయ్యను. నువ్వు ఇంకోసారి కొట్టినావంటే ఈ తాళం బాయిలో ఏస్తా. పస్తులుండి సస్తే సస్తాం."

"దడ మొదలైతానే తాళం నీ సేతికిస్తా," అన్నాడు.

ఇచ్చాడు. పదేళ్లు ఇచ్చాడు. దడ మొదలవగానే ఇంజన్ ఆపేవాడు, తాళం నా అరచేతిలో పెట్టేవాడు. మళ్లీ చెయ్యి ఎత్తలేదు. నేనూ వంగకుండా ఒక్క కల్వర్టూ దాటించలేదు. రాను రాను ఆగేవి తగ్గాయి. పన్నెండు. ఐదు. చివరికి ఆ పదోది ఒక్కటే మిగిలింది.

ఒక మధ్యాహ్నం కుప్పం మండీలో గంపలు దించుతూ కూలబడ్డాడు. రొమ్ము పట్టుకున్నాడు. నేను నిమ్మకాయ కోశాను. ఊపిరి నిదానంగా వదలమన్నాను. తాళం కోసం చెయ్యి చాపాను. ఇచ్చాడు. ఈసారి అది భయం కాదు. గుండె.

మర్నాడు పొద్దున ఇంటికి తెచ్చాం. గంపలుండే చోట, టార్పాలిన్ కింద, ఆయన. బండి నా తమ్ముడు నడిపాడు. ఆ పదో కల్వర్టు వచ్చింది.

"నిలుపప్పా."

"యాలక్కా? ఈడేముండాది?"

దిగాను. నడిచాను. వంగి చూశాను. అవతలి వెలుతురు గుండ్రంగా కనిపించింది. రోడ్డు మధ్యకు వచ్చి తువ్వాలు ఎత్తాను. తమ్ముడికి మా పద్ధతి తెలియదు. హారన్ కొట్టాడు. నేను చెయ్యి దించలేదు.

ఇప్పటికీ కళ్లు మూస్తే అదే. ఎండలో ఓరగా నిలిచిన టెంపో. అద్దం మీద మెరుపు, లోపల మనిషి కనిపించడు. వెలగని రెండు లైట్లు.