దగ్గితే కదిలే పాఠం

చిన్నప్పుడు మా చెల్లెలికి ఏదైనా అర్థం కాకపోతే ముద్ద దిగేది కాదు. కుట్టుమిషన్ ఎలా తిరుగుతుందో చూడాలని అమ్మ మిషన్ పట్టీ ఊడదీసి తన్నులు తింది. ఏడుస్తూనే మళ్ళీ బిగించింది. అలాంటి పిల్ల టీచరవుతానంటే నేను ఎగిరి గంతేశాను.

తను చేరిన శిక్షణ కాలేజీలో కంప్యూటర్‌తో పాఠం చెప్పడం నేర్పడానికి ఒక లెక్చరరున్నాడు. గదినిండా కంప్యూటర్లున్నాయి కానీ తాళంచెవి ఆయన జేబు దాటి రాలేదు. పాడైతే సంజాయిషీ ఎవరిచ్చుకుంటారని ఆయనగారి భయం. బోర్డు మీద సుద్దతో కంప్యూటర్ బొమ్మ గీసి, బాణాలు పెట్టి, భాగాల పేర్లు బట్టీ పట్టించాడు. ఈత నేర్పమంటే ఒడ్డున కూర్చోబెట్టి నీళ్ళ మీద వ్యాసం రాయించినట్టుంది. థూ, అదీ ఒక చదువేనా!

చివర్లో పరీక్షాధికారి ఎదుట పాఠం చెప్పి గట్టెక్కితేనే ఉద్యోగం. తప్పితే ఇక ఇంట్లో కూర్చోమని దాని మొగుడు, మా మరిది, ముందే తేల్చేశాడు. పాపం, చెల్లెలికి వారం రోజులుగా కంటిమీద కునుకు లేదు.

ఆ పాఠం మా బళ్ళోనే పెట్టారు. నేనక్కడ లెక్కలు చెబుతాను కాబట్టి వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాను. లెక్చరరు చేసిన ఏర్పాటు చెల్లెలు అప్పుడే నా చెవిలో వేసింది. తరగతిలో గోడ మీద తెర, పక్క గదిలో కంప్యూటర్ దగ్గర ఆయన. తను దగ్గితే ఆయన బొమ్మ మారుస్తాడు. తన ముందున్నది ఉత్త కీబోర్డు. దాని తీగ దేనికీ తగిలించలేదు.

పాఠం గుండె గురించి. చెల్లెలు కీబోర్డు మీద టకటకా కొట్టి దగ్గింది. బొమ్మ మారింది. పరీక్షాధికారి మెచ్చుకోలుగా తలాడించాడు. అంతలో ముందు వరుసలో ఒక పిల్ల లేచి, రక్తం ఎటునుంచి ఎటు పోతుందో తెలియలేదని, ఇందాకటి బొమ్మ మళ్ళీ చూపించమని అడిగింది.

వెనక్కి రావాలంటే ఏం చెయ్యాలో ఇద్దరూ అనుకోనేలేదు. చెల్లెలు దగ్గింది. బొమ్మ ముందుకే పోయింది. కంగారుపడి మళ్ళీ దగ్గింది. గుండె కాస్తా మాయమై, గులాబీ పువ్వుతో సహా ‘ధన్యవాదాలు’ వచ్చి కూర్చుంది. పిల్లలు ఘొల్లుమన్నారు. పాఠం మధ్యలో టీచర్‌ని విసిగించకూడదని పరీక్షాధికారి ఆ పిల్లనే మందలించాడు. అది బిక్కమొహం వేసుకుని కూర్చుంది.

చెల్లెలు మొదటి శ్రేణిలో పాసయింది. సాయంత్రం మరిదితో కలిసి మిఠాయి పట్టుకొచ్చింది. నాకు ముట్టబుద్ధి కాలేదు.

“రేపు మా బడికి రావే. కంప్యూటర్ నేను దగ్గరుండి నేర్పుతాను. ఆ పిల్లకి ఆ బొమ్మ నువ్వే చూపించు,” అన్నాను.

“ఎందుకక్కా? పాసయ్యాను కదా,” అంది, మిఠాయి పొట్లం విప్పుతూ. “అయినా నాకు మార్కులేసేది ఆ పిల్లా ఏంటి?”

మరిది పకపకా నవ్వాడు. వచ్చే నెలనుంచి ఒక తరగతి పిల్లలంతా దీని చేతిలో ఉంటారు.