దక్షిణ ధ్రువం మీద కుంకుమ బొట్టు

ఒక్క పటం కోసం రాజాం వెళ్ళాను. 2015 దసరా సెలవుల మాట. ధ్రువాలకు వెళ్ళినవాళ్ళ కథలు మన బడి పుస్తకాల్లో భూగోళాన్ని ఎలా మార్చాయన్నది నా పరిశోధన. ఒక పాత తెలుగు భూగోళం పుస్తకంలో దక్షిణ ధ్రువం చుట్టూ ఏముందో ఇంకా తెలియదనీ, అందుకే పటంలో అక్కడ తెల్లగా వదిలేశామనీ రాశారు. నా అధ్యాయమంతా ఆ తెలుపు గురించే. ఖర్మ ఏమిటంటే, నా ప్రతిలో ఆ పటమే చిరిగిపోయింది. "పటం చూపించు, లేదా అధ్యాయం తీసెయ్. ఎల్లుండి నేను ఊరెళ్తున్నాను" అన్నారు మా గైడ్. రెండేళ్ళ చాకిరీ! ఎంత తేలిగ్గా అనేశారో.

రాజాంలో బియ్యం వ్యాపారం చేసే ఒకాయన ఇంట్లో ఇంకో ప్రతి ఉందని తెలిసింది. వాళ్ళ తాత బడిపంతులట. ఫోన్ చేస్తే "రండి రండి" అన్నాడు. పొద్దున ఎనిమిదింటికి విజయనగరం కాంప్లెక్స్‌లో బస్సెక్కాను. చీపురుపల్లి మీదుగా గంటన్నర అన్నారు గానీ రెండు గంటలు పట్టింది. టికెట్టు నలభై చిల్లర, అదీ పండగ రద్దీలో సగం దూరం నిలబడి. దిగి ఇరవై రూపాయలకు ఆటో మాట్లాడుకున్నాను.

"ఏటి కొంటారు మేడమ్, సీరలా?" అన్నాడు డ్రైవరు.

"పుస్తకం చూడ్డానికి వచ్చాను."

"ఇజీనారంలో పుస్తకాల్లేవేటి?"

డబ్బులిచ్చి దిగిపోయాను.

వ్యాపారి గుమ్మంలోనే నాలుక కరుచుకున్నాడు. "అయ్యో, ఇయాళ సరస్వతీ పూజ కదా మేడమ్. పుస్తకాలు పూజలో ఎట్టేసినాం. దశమి దాకా ముట్టుకోకూడదు."

ఒళ్ళు మండిపోయింది. "మీరే కదండీ రమ్మన్నారు?"

"రమ్మన్నాను. పుస్తకం తీసిస్తానన్నానేటి?"

మా ఇంట్లోనూ ఇదే ఆచారం. తెలిసి తెలిసి ఇవాళే బయల్దేరిన నన్ను నేను తిట్టుకోవాలి, కానీ ఆయన్నే తిట్టుకున్నాను. మా గొంతులు విని వాళ్ళమ్మగారు వచ్చారు. "ఎందుకలాగ అరుస్తన్నారు? ముట్టుకోకూడదు గానీ సూడకూడదని ఎవులన్నారు? కాళ్ళు కడుక్కుని రా అమ్మా."

కడుక్కుని వెళ్ళి పూజగది గడప ఇవతల నిలబడ్డాను. పుస్తకాల దొంతర పైన నా పుస్తకం, సరిగ్గా పటం దగ్గరే తెరిచి ఉంది! ప్రాణం లేచి వచ్చింది. వంగి చూశాను. సముద్రాలు ఉన్నాయి, చుట్టూ పేర్లు ఉన్నాయి. మధ్యలో తెలుపు ఉండాల్సిన చోట మాత్రం రూపాయి బిళ్ళకు రెండింతలున్న ఎర్రటి కుంకుమ బొట్టు, దాని చుట్టూ పసుపు.

"ఈ బొట్టెవరు పెట్టారండీ?"

"నేనే" అన్నారు అమ్మగారు. "ఏటేటా ఎడతాను. అచ్చరాల మీద ఎట్టకూడదు కదా, సరస్వతి. అందుకే ఖాళీ ఉన్న కాడ సూసుకుని ఎడతాను."

నిజంగానే ఏడుపొచ్చింది. "ఆ ఖాళీయే నాకు కావాలమ్మా! అక్కడేముందో ఎవరికీ తెలియదని చూపించడానికే కదా ఇంత దూరం వచ్చాను!"

ఆవిడ నన్ను వింతగా చూసింది. "ఖాళీగా ఉన్నాదని బోసిగా ఒగ్గేస్తామేటమ్మా?"

గడప ఇవతల నుంచే ఫోన్‌తో నాలుగు ఫొటోలు తీసుకున్నాను. ఉప్మా తినకుండా ఆవిడ కదలనివ్వలేదు. రెండున్నర బస్సుకి తిరుగుముఖం పట్టాను.

బస్సులో ఆ ఫొటో చూస్తూ ఆవిడ్ని తిట్టుకుంటూనే ఉన్నాను. చీపురుపల్లి దాటాక, బోసిగా ఒగ్గేస్తామా అని ఆవిడ అన్న మాట నన్ను పట్టుకుంది. ధ్రువాలకు వెళ్ళినవాళ్ళు చేసింది మాత్రం ఇంకేమిటి? ఒకరు కొండకు తమ రాణి పేరు పెట్టారు, ఒకరు జెండా పాతారు, బతికొచ్చినవాళ్ళు పుస్తకం రాశారు. ఆ రాతల్ని బట్టే పటాలు నిండాయి. ఆ తెలుపును అలా వదిలేయడానికి ఎవరికీ చేతులు రాలేదు. రెండేళ్ళు రాసిన నా అధ్యాయంలో ఈ ఒక్క ముక్క లేదు. మర్నాడు గైడ్‌కి ఫొటో చూపించి ఇదే చెప్పాను. అధ్యాయం ఉంచమన్నారు, కానీ చివరి పది పేజీలు మళ్ళీ రాయమన్నారు. రాయక చస్తానా.

ఇళ్ళల్లో పాత పుస్తకాలు చూడాలనుకునేవాళ్ళకు నా సలహా ఒక్కటే: మూలా నక్షత్రం రాకముందే వెళ్ళండి, లేదా దశమి దాటాక వెళ్ళండి. నా గ్రంథంలో ఆ ఫొటోనే అచ్చయింది. కింద ఇలా రాశాను: దక్షిణ ధ్రువ ప్రాంతం. ఇక్కడికి చేరినవారిలో ఒకరు, రాజాం నుంచి.