బ్యాటరీకి కాపలా పెట్టాను

ఇరవై రెండేళ్ళ వయసులో నాకు కోపం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు. లోకంలో తప్పులన్నీ ఎదుటివాళ్ళవేనని గట్టి నమ్మకం. వాటిని ఎత్తి చూపడానికే నేను పుట్టానని అంతకంటే గట్టి నమ్మకం. ఇప్పుడు నేను గొంతు పెంచితే మా ఇంట్లోవాళ్ళు "ముందు మంచినీళ్ళు తాగు" అని గ్లాసు చేతికిస్తారు. అప్పట్లో అలా అనే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. డిగ్రీ అయిన వెంటనే నాకొక ఉద్యోగం దొరికింది. చేపల వేట మీద బతికే కుటుంబాల వివరాలు రాసుకొచ్చే సర్వే ఉద్యోగం. ఆఫీసు బాపట్లలో, మా ఇల్లు తెనాలి పక్కన అంగలకుదురులో, నాకిచ్చిన ఊరేమో రేపల్లె దాటి సముద్రం వైపు పోయే దారిలో ఒక పల్లెపాలెం. పొద్దున్నే తెనాలి స్టేషన్‌కు పోయి రేపల్లె ప్యాసింజరు ఎక్కడం, రేపల్లెలో దిగి షేర్ ఆటోలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చోవడం, ఎండ నెత్తికెక్కే వేళకి పాలెంలో దిగడం, ఇదీ నా దినచర్య. శనివారం మాత్రం బాపట్లలో హాజరు వేయించుకోవాలి.

కాగితాల మీద రాసే కాలం పోయిందంటూ మా అందరికీ తలా ఒక నెట్‌బుక్ ఇచ్చారు. నోటు పుస్తకానికి కాస్త పెద్ద, ల్యాప్‌టాప్‌కి బాగా చిన్న. అందులో ఉన్నది అందరికీ అలవాటైన విండోస్ కాదు, లైనక్స్. తక్కినవాళ్ళు దాన్ని చూసి బెదిరిపోయారు గానీ నాకు కాలేజీ ల్యాబులో కొంత పరిచయం ఉండటంతో, నల్ల తెర తెరిచి నాలుగు ఆజ్ఞలు టైపు చేసి వాళ్ళ ముందు పెద్ద పండితురాలిలా ఫోజు కొట్టాను. (ఆ ఫోజు ఫలితమే మిగతా కథంతా.) సర్వే ఫారంలో ఎనభై ప్రశ్నలు. చివరి ప్రశ్న దాకా వెళ్ళి 'భద్రపరచు' అన్న బొత్తాం నొక్కితేనే అది ఏదైనా గుర్తుపెట్టుకుంటుంది. మధ్యలో ఆగిపోతే అంతా పోయినట్టే. వేసవి కావడంతో పాలెంలో పగలు కరెంటు ఉండేది కాదు. కాబట్టి ఇంటి దగ్గర పెట్టుకున్న ఛార్జింగే నాకు ఆధారం.

మొదటి వారంలోనే ఆ ఆధారం నన్ను ముంచింది. రెండిళ్ళు పూర్తిచేసి మూడో ఇంట్లో ఒక మామ్మ దగ్గర కూర్చున్నాను. ఆమెది ఎండుచేపల వ్యాపారం. భర్త పోయి చాలా ఏళ్ళయింది, కొడుకులు వేటకి పోతారు. చేపలు ఏరుకుంటూనే నా ప్రశ్నలకి ఓపిగ్గా జవాబులు చెప్పింది. అరవై రెండో ప్రశ్న దగ్గర తెర నల్లబడిపోయింది. బొత్తాం నొక్కాను, మూత వేసి తీశాను, వీపు మీద తట్టాను. లాభం లేకపోయింది. ఇక తిరుగు ఆటో వచ్చేదాకా ఆమె అరుగు మీదే కూర్చోవాలి. మామ్మ ఏవేవో కబుర్లు మొదలుపెట్టింది గానీ నా ధ్యాసంతా నాకు జరిగిన అన్యాయం మీదే ఉంది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, ఇలాంటి ప్రమాదం మళ్ళీ జరగకుండా ఒక చిన్న ప్రోగ్రాం రాశాను. బ్యాటరీలో ఛార్జింగ్ ఎంత ఉందో అది చూస్తూ ఉంటుంది, బాగా తగ్గిపోతే కూత పెడుతుంది. దానికి 'కాపలా' అని పేరు పెట్టుకున్నాను. నెట్‌బుక్ ఆన్ చేయగానే అదీ తనంతట తానే లేచి పనిలోకి దిగేలా ఏర్పాటు చేసి, ఆ రాత్రి చాలా తృప్తిగా నిద్రపోయాను.

మర్నాడు నేరుగా మామ్మ ఇంటికే వెళ్ళాను. మళ్ళీ ఒకటో ప్రశ్న నుంచి మొదలుపెట్టేసరికి ఆమె చేపల బుట్ట పక్కకి జరిపి నా మొహంలోకి చూసింది.

"నిన్న చెప్పా గదమ్మాయ్. నా పెళ్ళయిన ఏడాది రాత్రికి రాత్రే మారిద్దా ఏంటి?"

"మారదు మామ్మా. ఈ పెట్టె ఆగిపోయింది గదా, నిన్నటిదంతా పోయింది."

"పోతే నీ పెట్టెలోది పోయుండాలి. నా పెళ్ళెందుకు పోయిద్ది?"

బతిమాలి కూర్చోబెట్టాను. నలభయ్యో ప్రశ్న దగ్గర కాపలా కూత మొదలుపెట్టింది. పడవెన్ని మూరలు, వలలెన్ని, మంచినీళ్ళెక్కణ్ణించి అని ఊపిరి పీల్చకుండా అడుగుతున్నాను. మామ్మ తాపీగా, "అదేంటమ్మా, పసిబిడ్డలా ఏడుస్తంది? పాలు పట్టకూడదూ?" అంది. యాభయ్యో ప్రశ్న దగ్గర ఏడుపూ ఆగిపోయింది, తెరా ఆరిపోయింది. నిన్న రెండిళ్ళు దాటాక ఆగిన యంత్రం ఇవాళ మొదటి ఇల్లు కూడా దాటలేదు.

మూడో రోజూ అంతే. ఆ శనివారం బాపట్లలో మా సూపర్‌వైజరు (రిపోర్టు, రిపోర్టు అని గోల చేసేవారు కనుక అందరం రిపోర్టు సార్ అనేవాళ్ళం) నా పూర్తయిన ఫారాల సంఖ్య చూసి కళ్ళజోడు పైకి నెట్టుకున్నారు.

"కర్లపాలెం కుర్రాడిదీ ఇదే మోడలమ్మా. అతనికి సాయంత్రం దాకా వస్తోంది. నీకెందుకు రావట్లేదు?"

"అదే నేనూ అడుగుతున్నానండి."

"రైల్లో సినిమాలు చూస్తున్నావా?"

"ఇందులో ఒక్క సినిమా కూడా లేదండి. చూసుకోండి."

"చూసేసి తీసేసుంటావు."

నాకు ఒళ్ళంతా మండిపోయింది. ప్యాసింజర్లో చంటిపిల్లల ఏడుపుల మధ్య, తట్టలూ బుట్టల మధ్య, ఒంటికాలి మీద నిలబడి వెళ్ళే నేను సినిమాలు చూస్తున్నానట. తిరుగుబండిలో వచ్చి తెనాలిలో దిగి, ఆ వేడిలోనే బజార్లో కంప్యూటర్లు బాగుచేసే షాపుకి పోయాను. షాపతను నెట్‌బుక్‌ని పూర్తిగా తెరవను కూడా లేదు. "బ్యాటరీ పోయిందమ్మా. లైనక్స్ గదా, అది ఇలాగే తినేస్తది. తీసేసి మామూలుది ఎక్కిస్తా" అన్నాడు. అదీ నాకు అవమానంగానే తోచింది. వైద్యుడు నాడి చూడకుండా జబ్బు పేరు చెబితే ఊరుకుంటామా? నెట్‌బుక్ లాక్కుని బయటికొచ్చేశాను.

తరువాతి శనివారం కర్లపాలెం అబ్బాయిని పట్టుకుని బ్యాటరీలు మార్చి చూశాను. అతని బ్యాటరీ నా యంత్రంలో గంటం పావుకే చేతులెత్తేసింది. నా బ్యాటరీ అతని యంత్రంలో నాలుగ్గంటలు నడిచింది. అంటే బ్యాటరీ బంగారం, యంత్రమే చెడ్డది. తెలిసి తెలిసి నాకు పాడైపోయిన యంత్రం అంటగట్టి, పైగా సినిమాలు చూస్తున్నానని నింద వేశారు. ఇంకేం కావాలి నాకు? ఆ రోజే ఇంటికి పోయి మూడు పేజీల ఉత్తరం రాశాను. 'చెడిపోయిన పరికరం', 'నిరాధారమైన నింద', 'మహిళా ఉద్యోగి ఆత్మగౌరవం' అన్న మాటల కింద గీతలు కూడా గీశాను. రిపోర్టు సార్‌కి ఒక కాపీ, ఆయన పైన ఉండే పెద్ద మేడంకి ఒక కాపీ. పోస్టు డబ్బాలో కవర్లు పడిన చప్పుడు విని రెండో కాపీ వేయకుండా ఉండాల్సిందా అని ఒక్క క్షణం అనిపించింది. ఒక్క క్షణమే.

పది రోజుల తర్వాత మేడం బాపట్ల వచ్చారు. సన్నటి మనిషి, మాట మెల్లగా ఉంటుంది. నా ఉత్తరం బల్ల మీద పెట్టుకున్నారు. మా పదిమందినీ కుర్చీలేసి కూర్చోబెట్టారు. "ఉద్యోగి చెప్పేది నిజమైతే పరికరం మార్చాలి, సార్ క్షమాపణ చెప్పాలి. నిజం కాకపోతే ఆ అమ్మాయితో నేను విడిగా మాట్లాడాలి" అన్నారు. విడిగా మాట్లాడటమంటే ఏమిటో గదిలో అందరికీ తెలుసు. అయినా నేను బెదరలేదు. ఏ ప్రోగ్రాం యంత్రాన్ని సెకనుకి ఎన్నిసార్లు నిద్రలేపుతోందో, ఎంత కరెంటు తింటోందో చూపించే సాధనం ఒకటి లైనక్స్‌లో ఉందని అంతకుముందురోజే చదివాను. దాన్ని ఎక్కించుకుని తెచ్చాను గానీ నడిపి చూడలేదు. ఫలితం నాకు ముందే తెలుసు కదా, నడిపి చూడటమెందుకు? గోడ మీద పెద్దగా కనపడేలా ఆఫీసు ప్రొజెక్టరుకి తీగ తగిలించి, "చూడండి మేడం, ఈ యంత్రం ఖాళీగా ఉన్నప్పుడు కూడా ఎలా కరెంటు తింటోందో" అని మీట నొక్కాను.

గోడ మీద వరుసలు పడ్డాయి. కింది వరుసల్లో వైఫై (పాలెంలో లేని వైఫై కోసం పాపం రోజంతా వెతుకుతూనే ఉంది), బ్లూటూత్, నిండుగా పెట్టుకున్న తెర వెలుగు. వాటన్నిటికీ పైన, అందనంత ఎత్తులో, మొదటి వరుసలో ఒకే ఒక్క మాట.

"ఎవరీ కాపలా?" అన్నారు మేడం.

రిపోర్టు సార్ ముందుకి వంగి గోడ వంక చూశారు. ఆయన మొహం వెలిగిపోయింది.

"సినిమా పేరేనండి మేడం. నేను మొదట్నించీ చెబుతున్నా."

కర్లపాలెం అబ్బాయి దగ్గాడు. ఊరుకుంటే ఎలా ఉంటుందోనని నేను ఆలోచించిన మాట నిజం. సినిమా అంటే వెతుకుతారు, దొరకదు, విషయం నానుతుంది. కానీ చేయని తప్పు నెత్తిన వేసుకోవడానికి కూడా నా కోపం ఒప్పుకోలేదు.

"సినిమా కాదండి. నేను రాసిన ప్రోగ్రామండి."

"ఏం చేస్తుంది?" అని అడిగారు మేడం.

"బ్యాటరీ అయిపోతోందేమోనని చూస్తుందండి."

"ఎంతసేపటికోసారి?"

ప్రోగ్రాం తెరిచి చూపించాను. చూపిస్తూనే నాకు కనిపించింది. చూడు, మళ్ళీ చూడు, మళ్ళీ చూడు అని రాశాను గానీ, రెండు చూపుల మధ్య కాసేపు ఆగమని ఎక్కడా రాయలేదు. ఆ చిన్న యంత్రం ఆన్ చేసిన క్షణం నుంచి, నేను ప్రశ్నలు అడుగుతున్నా, మామ్మ బుట్టలు సర్దుకుంటున్నా, ఊపిరి సలపకుండా తన బ్యాటరీని తనే తడుముకుంటూ ఉందన్నమాట. ఎంత మిగిలిందో చూసుకునే పనిలోనే ఉన్నదంతా ఖర్చు పెట్టేసింది.

"ఎప్పుడూ చూస్తూనే ఉంటుందండి" అన్నాను.

మేడం కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నవ్వాపుకోవడానికని నాకు తెలియక కోపమనుకున్నాను. "ఇతరులది తప్పని మూడు పేజీలు రాశావు కదా. నీదని ఒక్క పేజీ రాసి సార్‌కి ఇవ్వు. గీతలు అక్కర్లేదు. రాశాక వీళ్ళందరి యంత్రాల్లోనూ ఆ వైఫై, బ్లూటూత్ ఆపేసి వెళ్ళు" అన్నారు. ఆ పేజీ రాయడానికి మూడు పేజీలకంటే ఎక్కువసేపు పట్టింది. సార్ దాన్ని రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకుని, "అయితే సినిమా కాదన్నమాట" అన్నారు కాస్త నిరాశగా. ఆయన మీద నాకు మిగిలిన ఆఖరి కోపం అప్పుడే పోయింది.

కాపలాని నిమిషానికోసారి కన్ను తెరిచి మిగతా సమయం నిద్రపొమ్మన్నాను. దానికి ఒక్క వరుస చాలింది. వైఫై, బ్లూటూత్ ఆపేసి, తెర వెలుగు సగానికి తగ్గించి, చీరకొంగు నీడలో చూడటం అలవాటు చేసుకున్నాను. సోమవారం మామ్మ ఇంట్లో కూర్చునేసరికి తెర మూలన ఇంకా నాలుగ్గంటల ఛార్జింగ్ ఉన్నట్టు చూపిస్తోంది. ఒకటి నుంచి ఎనభై దాకా చకచకా అడిగాను. జవాబులన్నీ ఇద్దరికీ కంఠతా వచ్చేసినవే. భద్రపరచు నొక్కాను. భద్రమైపోయింది. గెలిచిన మొహంతో తలెత్తి చూశాను.

"అయిపోయిందా?" అంది మామ్మ. ఆమె చేతిలో చేప చేతిలోనే ఉంది. "ఇయ్యాల ఆగిపోలా?"

"లేదు మామ్మా. బాగుచేశాను."

"అయితే ఇంక రావన్నమాట."

ఆ మాట అంటూ ఆమె మళ్ళీ చేపలు ఏరుకోవడంలో పడింది. నాకింకా పక్కవీధిలో నాలుగిళ్ళున్నాయి. సార్‌కి లెక్క చెప్పాలి. ఈ యంత్రం ఎన్ని గంటలు నడుస్తుందో అందరికీ నిరూపించాలి. ఇవన్నీ తలచుకుంటూనే నెట్‌బుక్ మూత మూసేశాను.

"ఛార్జింగ్ అయిపోయింది మామ్మా" అన్నాను.

ఆమె మూత వంక చూసింది, నా వంక చూసింది. పీట నా వైపు జరిపింది. "అయితే కూర్చో. మా ఆయన సంగతి చెబుతా. ముప్పై ఏళ్ళు వేటకి పోయాడు గదా, ఆయనకి ఈత రాదమ్మాయ్. నాకు దప్ప పాలెంలో ఎవరికీ తెలవదు" అని మొదలుపెట్టింది. అలల్లో పడవ ఊగినప్పుడల్లా ఆయన ఏ తాడు ఎలా పట్టుకునేవాడో చేతులతో చేసి చూపించింది. ఇద్దరం కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాం. ఎనభై ప్రశ్నల్లో దానికి చోటు లేదు. ఆ రోజు ఇంకో ఇంటికి వెళ్ళలేదు, శనివారం సార్ అడిగితే బ్యాటరీ మీదే నెపం పెట్టాను. అంతటి నీతిమంతురాలు అంత తేలిగ్గా అబద్ధమాడిందని ఇప్పుడు తలచుకుంటే, ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల మీద నాకు మొదటిసారి కాస్త ముద్దొస్తుంది.