అక్క ఎత్తుకునే పాట

మా అక్క ఏ పాటనైనా అందనంత పైనుంచే ఎత్తుకుంటుంది. బాచుపల్లిలో ఒక బడిలో ఏళ్ల తరబడి పిల్లల గోలను మించి పాఠం చెప్పిన గొంతు అది. పల్లవి వరకూ ఎలాగో లాక్కొస్తాం. చరణానికి వచ్చేసరికి మగవాళ్లం చేతులెత్తేస్తాం, పెద్దావిడలు దగ్గు వచ్చినట్టు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటారు.

గోపన్‌పల్లిలో ఒక హార్డ్‌వేర్ కొట్టు మీది అంతస్తులో మా క్రైస్తవ సంఘం ఆరాధన జరుగుతుంది. మా దగ్గర హార్మోనియం లేదు, శ్రుతి పెట్టే పెట్టె లేదు. ఒకరు పాట ఎత్తుకోవాలి, మిగతావాళ్లు అందుకోవాలి. ఎత్తుకునేది మా అక్క, దించేది మా బావ. ఆయన మగవాళ్ల వైపు మొదటి వరసలో, గోడ ఫ్యాను కింద కూర్చునేవాడు. అక్క గొంతు మరీ పైకి పోగానే కుడిచెయ్యి కొంచెం లేపి, గ్యాసు పొయ్యి మంట తగ్గించినట్టు రెండు వేళ్లు తిప్పేవాడు. సిమ్‌లో పెట్టమని. అక్క గుడ్లురిమి చూసేది, కానీ దించేది. సంఘమంతా తలలు వంచుకుని నవ్వుకునేది. అసలు గొడవ ఇంటికెళ్లాక ఉండేది.

"అందరి ముందట గా చెయ్యి తిప్పుడేంది?"

"నీ పాట దేవునికి అందుతున్నదే. మాకే అందుతలేదు."

కరోనా రెండోసారి విరుచుకుపడిన వేసవిలో బావ పోయాడు.

ఆయన హైటెక్ సిటీలో ఒక కంపెనీలో అకౌంట్స్ చూసేవాడు. వాళ్ల బిల్డింగ్ సెల్లార్‌లో కార్లన్నీ బయట పెట్టించి టీకా క్యాంపు పెట్టారు. టీకా దొరకడమే గగనమైన రోజులవి. వేయించుకోమని అక్క ఆయన వెంటపడింది. బావకు సూదంటే చచ్చేంత భయం. ఆ పొద్దున గొంతు గరగరగా ఉంది, వచ్చే వారం పోతానన్నాడు. సూదికి భయపడి సాకులు చెబుతున్నావంటూ అక్క చొక్కా ఇస్త్రీ చేసి చేతిలో పెట్టింది. వెళ్లి వేయించుకున్నాడు. భుజం మీద దూది అదిమిపట్టుకుని, యుద్ధం గెలిచొచ్చినవాడిలా నవ్వుతూ ఫొటో పంపాడు.

ఆ సాయంత్రమే జ్వరం వచ్చింది. టీకా జ్వరమే అనుకున్నాం. ఆఫీసులో అందరికీ వచ్చింది, అదే పోతుందన్నారు. పోలేదు. ఆయాసం మొదలయ్యాక దవాఖానకు తీసుకెళ్లాం, అక్కడినుంచి ఆయన తిరిగి రాలేదు. సూది పడేనాటికే జబ్బు ఒంట్లో ఉందని, టీకా పనిచేయాలంటే కొన్ని వారాలు పడుతుందని, దానికి ఆ వ్యవధే దొరకలేదని డాక్టరు విడమర్చి చెప్పాడు. అక్క తల ఊపింది.

సమాధుల తోటలోకి నలుగురినే రానిచ్చారు. పాస్టరు దూరంగా నిలబడి ఒక ప్రార్థన చేశాడు. గుంపుగా పాడకూడదన్నది అప్పటి నియమం. అక్క ఒకసారి గొంతు సవరించుకుంది, మళ్లీ ఊరుకుంది. మా బావను పాట లేకుండా మట్టిలో పెట్టాం. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదే.

కొన్నాళ్లకు కేసులు తగ్గి ఆరాధన మళ్లీ మొదలైంది. మెట్ల మొదట్లో నోటీసు అంటించారు. అందరికీ మాస్కు తప్పనిసరి. లోపల కూర్చునేవాళ్లు, ముఖ్యంగా ముందు నిలబడి పాడేవాళ్లు, రెండు డోసులూ వేయించుకోవాలి. అక్క ఒక్కటీ వేయించుకోలేదు. తలుపు దగ్గర మా సంఘ పెద్ద ఆమెను ఆపాడు. ఆయనది గుంటూరు వైపు. గొంతు మెత్తన, పట్టు గట్టి.

"నన్ను ఇబ్బంది పెట్టకండమ్మా. ఒకరికి సడలిస్తే రేపు అందరూ అడుగుతారండి."

నాకు చిర్రెత్తుకొచ్చింది. ముక్కు కిందికి జారిన మాస్కులతో లోపల కూర్చున్నవాళ్లను వేలెత్తి చూపించాను. వాళ్లలో ఒకాయన లేచి నీ ముక్కు సంగతి చూసుకోమన్నాడు. ఇంకొకాయన ఫోను తీసి వీడియో మొదలుపెట్టాడు. ఆ రోజుల్లో ఎక్కడ చూసినా ఇదే వరస. మా ఆఫీసు గేటు దగ్గర, సూపర్ మార్కెట్ దగ్గర, మణికొండలో మా అపార్ట్‌మెంట్ లిఫ్టు దగ్గర రోజూ ఎవరో ఒకరు అరుచుకునేవాళ్లు. దేవుడి మందిరం మెట్లయినా మిగులుతాయనుకున్నాను. అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"నువ్వు లోపలికి పో తమ్మీ. నేనీడ కూసుంట."

మెట్ల మీద కూర్చుంది. లోపల ఎవరో పాట ఎత్తుకున్నారు. అందరికీ అందేలా, హాయిగా ఉంది. నాకు మాత్రం ఆ హాయి పట్టలేదు.

ఆదివారం తర్వాత ఆదివారం అక్క మెట్ల మీదే ఆరాధన చేసుకుంది. ఇదంతా ఆమె విశ్వాసమనుకుని కొందరు చేతులు జోడించేవాళ్లు. మొండితనమనుకుని కొందరు ముఖం తిప్పుకునేవాళ్లు. ప్లాట్లు అమ్మే ఒకాయనైతే టీకాలన్నీ కుట్రంటూ వచ్చిన వాయిస్ మెసేజ్‌లు ఊరంతటికీ పంపడమే పనిగా పెట్టుకున్నాడు. ఆయన అక్క పక్కన నిలబడి, సూది వల్లే భర్త పోయాడని సాక్ష్యం చెప్పమన్నాడు, రికార్డు చేస్తానన్నాడు.

"సాక్ష్యమంటే కండ్ల జూసింది చెప్పుడు బ్రదర్," అంది అక్క. "నేను జూసింది ఆయనకు జ్వరమొచ్చుడు. గంతే."

ఆయన మళ్లీ ఆ మెట్ల మీద ఆగలేదు. అక్క సూది జోలికీ పోలేదు. నేను బతిమాలాను, అరిచాను, ఒకరోజు ఆమె వంటింట్లోనే డాక్టరు మాటలన్నీ మొదటినుంచీ అప్పజెప్పాను. బియ్యం కడుగుతున్న చెయ్యి ఆపింది.

"డాక్టర్ జెప్పింది నాకు సమజ్ కాలేదనుకుంటున్నవా? వద్దన్నోణ్ని నేనే తోలిన తమ్మీ. అంగీ ఇస్త్రీ జేసి మరీ తోలిన."

"అక్కా, సూదితోటి కాలేదు గద. ఇంక భయమెందుకు?"

"సచ్చిపోతనని భయం కాదురా. నాకేం కాకపోతే? ఆయనను తోలినదాన్ని నేను మంచిగుంటే?"

ఆమె మళ్లీ బియ్యం కడగడం మొదలుపెట్టింది.

ఒక ఆదివారం ఆరాధన సగంలో సంఘ పెద్ద భార్య బయటికొచ్చింది. ఆమెకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి, డయాలిసిస్ మీద నడుస్తున్న ప్రాణం. రెయిలింగు పట్టుకుని నెమ్మదిగా దిగి, అక్కకు కొంచెం ఎడంగా మెట్టు మీద కూర్చుంది. లోపల ఉక్కగా ఉంటే నేను కిటికీ దగ్గర నిలబడ్డాను, మాటలు వినబడ్డాయి.

"మా ఆయన మిమ్మల్ని ఆపింది నా గురించేనండి. నాకిప్పుడు జలుబు చేసినా దక్కనని డాక్టర్లన్నారు. నోటీసులో నా పేరెలా రాస్తారు చెప్పండి? అందుకని రూలు అంటున్నారు. తిట్టుకుంటే నన్ను తిట్టుకోండి."

అక్క మాస్కు పైకి లాక్కుని ఇంకొంచెం ఎడంగా జరిగింది. తర్వాత, "నేను గీడ కూసున్నందుకు మీరు పరేషాన్ గాకుండ్రి" అంది. అయినా ఆ పెద్దావిడ లేవలేదు. ఆఖరి ప్రార్థన అయ్యేదాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు.

మరునాడు అక్క ఫోన్ చేసింది. మణికొండలో మా ఇంటి దగ్గరి బస్తీ దవాఖానకు తీసుకుపొమ్మంది. పోయాక నర్సు కూడా ఆశ్చర్యపోయేంత తొందరగా చీర కొంగు తప్పించి భుజం చూపించింది. సూది పడ్డాక అరగంట అక్కడే కూర్చోవాలన్నారు. వరండాలో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. అక్క ఎదురుగా గోడ గడియారం వైపే చూస్తోంది. నేను మంచినీళ్లిచ్చాను, తాగలేదు. మాతో పాటు వేయించుకున్నవాళ్లు ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. నర్సు వచ్చి కళ్లు తిరుగుతున్నాయా, ఒంట్లో బాగుందా అని అడిగి, ఇక వెళ్లొచ్చంది.

అక్క లేవలేదు. నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నాకేం కాలే తమ్మీ," అంది. "ఏం కాలే."

సమాధుల తోటలో కూడా ఏడవని మనిషి ఆ కుర్చీలో మాస్కు తడిసిపోయేలా ఏడ్చింది. నర్సు కంగారుపడి డాక్టరును పిలవబోతే వద్దని సైగ చేశాను. ఏం చెప్పగలను, ఒంట్లో బాగున్నందుకు ఏడుస్తోందని?

రెండో డోసు కూడా అయ్యాక వచ్చిన ఆదివారం ఆమెతో కలిసి మెట్లెక్కాను. సంఘ పెద్ద తలుపు దగ్గరే ఉన్నాడు. అక్క ఫోను తీసి సర్టిఫికెట్ చూపించబోయింది. ఆయన దానివైపు చూడకుండానే పక్కకు తప్పుకుని, "రండమ్మా" అన్నాడు.

మగవాళ్ల వైపు గోడ ఫ్యాను కింద కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. నేనూ దాని వెనక వరసలోనే కూర్చున్నాను. పాస్టరు అక్క వైపు చూసి పాట ఎత్తుకోమన్నాడు. ఆమె లేచింది. మాస్కు సర్దుకుంది. ఎత్తుకుంది, ఎప్పటిలాగే అందనంత పైనుంచి. ఎప్పటికంటే కూడా పైనుంచేమో.

మొదటి చరణం ముందర ఆమె కళ్లు అలవాటుగా ఫ్యాను వైపు వెళ్లాయి. గొంతు అక్కడే ఆగిపోయింది. నా చెయ్యి ఒళ్లో కదిలింది. లేపి రెండు వేళ్లు తిప్పితే చాలు, ఆమె దించుతుంది, పాట నడుస్తుంది. లేపలేకపోయాను. అది నా పని కాదు.

అంతలో తలుపు దగ్గరనుంచి మగగొంతు ఒకటి చరణం అందుకుంది. సంఘ పెద్ద. ఆయనకు ఆ శ్రుతి ఎక్కడ అందుతుంది? మొదటి మాటకే గొంతు చీలిపోయింది, అయినా వదల్లేదు. ఆయన భార్య కలిసింది, తర్వాత అందరం కలిశాం. మాస్కుల్లో ఊపిరాడక, మెడనరాలు తేలి, ఒకరి గొంతు ఇంకొకరికి కలవకుండా, చెవులకు ఏమాత్రం ఇంపుగా లేని పాట అది. అక్క మధ్యలో తేరుకుని మళ్లీ గొంతు కలిపింది, అదే ఎత్తులో. ఆఖరి చరణం దాకా దించమని ఎవరూ చెయ్యి లేపలేదు.