నాపరాళ్ళ కింది ముంగిసలు

పొద్దున ఆరుంబావుకి మా ఆవిడ దొడ్డి తలుపు గడియ తీసేది. ఆ చప్పుడుకి నాపరాళ్ళ కింది కన్నంలోంచి ముందు తల్లి ముంగిస తల బయటికి వచ్చేది, దాని వెనక పిల్లలు. జగ్గయ్యపేటలో ఈ ఇల్లు కట్టినప్పుడు మిగిలిన రాళ్ళవి. వెనక గోడకు ఆనించి పేర్చి వదిలేశాం.

ఆమె అన్నంలో గుడ్డు కలిపి ముద్ద చేసి గట్టు మీద పెట్టేది. మేం మెట్ల మీద కూర్చుని కాఫీ తాగుతూ చూసేవాళ్ళం. పక్క వాటాలో ఉండే మా అక్కయ్య కూడా తన గ్లాసు పట్టుకుని వచ్చేది. తల్లి ముంగిస వాసన చూసి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ వచ్చి తినేది.

"వదినా, అచ్చం మీరే. తొంగి చూసి చూసి గానీ లోపలికి రారు," అనేది మా ఆవిడ.

"దానికున్న మర్యాద నీ మొగుడికి లేదులే," అనేది అక్కయ్య. ఇంట్లో గుడ్లు లేనిరోజు తనే తెచ్చేది.

ఎండాకాలం చివర మా ఆవిడ పోయింది. పెద్దకర్మ నాడు గోడ మీద పిండం పెట్టి కాకి కోసం నిలబడ్డాం. కాకి ముడితే పోయినవాళ్ళకు తృప్తి అని మా నమ్మకం. ఒక్క కాకీ రాలేదు. ఆమెకు తీరని కోరిక ఏముందని చుట్టాలు నన్నడగడం మొదలుపెట్టారు. అప్పుడు తల్లి ముంగిస రాళ్ళ మీదుగా గోడెక్కింది. వాసన చూసింది, వెనక్కి వెళ్ళింది, మళ్ళీ వచ్చి తింది.

ఆమె పోయాక నాకు ఊరట కలిగింది అప్పుడే. మిగతావాళ్ళు ఎంగిలి పడిందన్నారు. పంతులుగారు ఇంకో ముద్ద పెట్టించారు. దాన్నీ కాకి ముట్టకపోతే ఆవుకు పెట్టారు.

చుట్టాలను దింపడానికి నందిగామ వెళ్ళి, ఆ రాత్రి అక్కడే ఉండి మర్నాడు తిరిగి వచ్చాను. దొడ్లో రాళ్ళు లేవు. గోడ మొదలంతా సిమెంటు. గునపంతో కొట్టి చూశాను. అప్పటికే బిగిసిపోయింది. చెవి ఆనించి విన్నాను. ఏ చప్పుడూ లేదు.

ఆ కన్నం మెట్ల మీద కూర్చుంటే తప్ప కనపడదు. మేస్త్రీకి ఎవరు చూపించారని అక్కయ్యను అడిగాను.

"నేనే చూపించా," అంది. "కాకి ముట్టాల్సింది అది ముట్టింది. నీ పెళ్ళాం ఆత్మకి శాంతి ఉండొద్దట్రా?"

"లోపల పిల్లలున్నాయా?"

"చూళ్ళేదు."

అక్కయ్య ఇప్పటికీ పక్క వాటాలోనే ఉంది. కూర పంపితే తీసుకుంటాను, పలకరిస్తే పలుకుతాను. పొద్దున పూట దొడ్డి తలుపు మాత్రం ఇప్పుడు తీయడం లేదు.