ఆఖరి భాగం ధర

మొన్న ఫోన్‌లో ఆ నవల కనిపించగానే ఒళ్లు మండింది. అచ్చు పుస్తకం ధర ఎంతో ఈ-బుక్ ధరా దాదాపు అంతే. కాగితం లేదు, కుట్టు లేదు, మోసుకొచ్చే మనిషి లేడు. చవకగా ఇచ్చిన రోజున అక్కర్లేనివి పది కొనిపడేసి ఒక్కటీ తెరవని దాన్ని నేను. కావలసిన ఈ ఒక్కదాని ధర మాత్రం దిగదు. పైగా దయతలచి కింద రాశారు, మొదటి భాగం ఉచితమని. మొదటి భాగం ఎవరికి కావాలి? మా చిన్నమ్మకు పాతికేళ్లుగా కావలసింది ఆఖరిది.

తొంభైలలో ఉప్పుగూడలో చిన్నమ్మ ఇంట్లో ఉండి చదువుకున్నాను. ఆ గల్లీలో నవల కొనే ఇల్లు ఒక్కటీ లేదు. అందరం ధర చూసి వెనక్కి పెట్టేసే రకమే. నాలుగిళ్లవాళ్లం తలో వారపత్రిక కొని మార్చుకునేవాళ్లం. అందరూ చదివాక పత్రిక చిన్నమ్మ చేతికొచ్చేది. ఆమె సీరియల్ పేజీలు చింపి దాచి, కథ అయిపోయాక దబ్బనంతో పొడిచి, పురికొసతో కుట్టి, పాత క్యాలెండర్ అట్ట వేసేది. పసుపు వేళ్ల గుర్తులు, బొమ్మలకు ఎవరో గీసిన మీసాలు, అన్నీ కలిపి అది పుస్తకమే. యాకుత్‌పురాలో చుట్టాలందరి ఇళ్లూ తిరిగొచ్చేది.

ఆ నవల అప్పట్లో సీరియల్‌గా ఏడాది పైనే సాగింది. ఆఖరి భాగం వచ్చిన పత్రికను, చిన్నమ్మ ఇంకా చూడకుండానే, పాత కాగితాల్లో కలిపి రద్దీ పేపర్లవాడికి పొరపాటున వేసేసింది నేనే. ఇద్దరం పరుగెత్తి బండిని పట్టుకుంటే, "వో తో గోదామ్ చలాగయా, అమ్మా" అన్నాడు, అప్పటికే గోదాముకు పోయిందట. వారం రోజులు చిన్నమ్మ నాతో మాట్లాడలేదు. పక్కింటివాళ్లు ముగింపు చెప్పబోతే చెవులు మూసుకునేది.

తర్వాత అది పుస్తకంగా వచ్చింది. నయాపూల్ వంతెన దాటి పుస్తకాల షాపుకు వెళ్లాం. చిన్నమ్మ ధర చూసింది.

"నాలుగు పేజీల కోసం మొత్తం మల్ల కొనాల్నా? ఏడాది పొడుగూత కొన్నది ఏమైనట్టు?" అంటూ చివరి పేజీలు తెరిచింది.

"కొన్నంక చదువుండ్రి" అని షాపాయన పుస్తకం చేతిలోంచి లాక్కున్నాడు. ఆ లాగడం తలుచుకుంటే ఇప్పటికీ నా పళ్లు బిగుసుకుంటాయి. చిన్నమ్మ ఇక కొననే కొననంది. నా మొదటి జీతంతో కొనిస్తానన్నా కసిరింది.

మొన్న మాత్రం అడగకుండా కొనేశాను. ఆమె ఫోన్‌కు పంపబోతే, మరొకరికి ఇవ్వడం కుదరదంది యాప్. తిట్టుకుంటూ నా ఫోన్ పట్టుకుని ఉప్పుగూడ వెళ్లాను.

"పైసలిచ్చినవ్ గద?" అంది చిన్నమ్మ.

"ఇచ్చాను."

"మరి నాకియ్యరాదా?"

"ఇవ్వనివ్వరు చిన్నమ్మా."

"గిదేం కొనుడే? గిది కిరాయి!"

అద్దాలు పెట్టుకుని, నోట్‌బుక్‌లోంచి కాగితాలు చింపి, తెర మీద చూస్తూ ఆఖరి భాగం మొత్తం చేత్తో రాసుకుంది. మధ్యాహ్నమంతా పట్టింది. ముగింపు ఎలా ఉందని అడిగితే, "ఆగు, ముందు కుట్టనియ్యి" అంది. అటక మీద దాచిన ఆ సీరియల్ పేజీల కట్ట దించి, పాత పురికొస విప్పి, కొత్త కాగితాలు చేర్చి దబ్బనం దించింది.

"ఇగ ఎవలకన్న ఇస్త. ఎవడడ్డమొస్తడో చూస్త" అంది.

కట్ట నా చేతిలో పెట్టింది. ముందు పేజీలన్నీ గోధుమరంగుకు తిరిగాయి, చివరివి తెల్లగా ఉన్నాయి. ఆ రెండు రంగుల మధ్య మా చిన్నమ్మవి పాతికేళ్లు పోయాయి, నాలుగు పేజీల కోసం. నా కోపం ఇంకా తగ్గలేదు.